మరణ వాంగ్మూలం: హత్య కేసుల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ దిక్కు నుంచి కాలిన గాయాలతోనో, కత్తిపోట్లతోనో, పురుగుల మందు తాగిన స్థితిలోనో మనుషుల్ని తీసుకొస్తారు. వెంట వచ్చినవాళ్ళు వార్డు బయట నిలబడి అడిగే ప్రశ్నలున్నాయి. ఏడాదో రెండేళ్ళో గడిచాక హనుమకొండ అదాలత్‌లో సాక్షులుగా వచ్చినప్పుడు అడిగేవి మరికొన్ని. రెంటినీ ఇక్కడ కలిపి జవాబులిచ్చాం. కొత్తగా క్రిమినల్ కేసులు చూస్తున్న జూనియర్లకూ, డ్యూటీ డాక్టర్లకూ పనికొచ్చే వివరాలు కూడా చేర్చాం.

మరణ వాంగ్మూలం అంటే సరిగ్గా ఏమిటి?

చనిపోయిన మనిషి తన చావుకు కారణం గురించి గానీ, ఆ చావుకు దారితీసిన ఘటన గురించి గానీ బతికుండగా చెప్పిన మాట. కాగితం మీద రాసింది కావచ్చు, నోటితో చెప్పింది కావచ్చు, సైగతో చూపింది కావచ్చు. మామూలుగా కోర్టులో ఒకరు విన్న మాటను ఇంకొకరు వచ్చి చెబితే సాక్ష్యంగా తీసుకోరు. చెప్పిన మనిషే బోనెక్కాలి, ప్రమాణం చేయాలి, ఎదుటి లాయరు అడిగేవాటికి జవాబివ్వాలి. చనిపోయిన మనిషి విషయంలో ఇవేవీ కుదరవు. పైగా చాలా హత్యల్లో చంపినవాడూ చచ్చినవాడూ తప్ప మూడో మనిషి చూసి ఉండడు. ఆ మాటను కూడా తోసిపుచ్చితే కేసులో ఇంకేమీ మిగలదు. అందుకే చట్టం ఈ మినహాయింపు ఇచ్చింది. ఎదురు ప్రశ్నలకు నిలబడని మాట గనుకనే కోర్టు దాన్ని ఎక్కువ జాగ్రత్తతో తూకం వేస్తుంది. కింద చెప్పిన ప్రతి నియమం వెనుక ఉన్న కారణం ఇదే.

ఇప్పటికీ 32వ సెక్షనేనా?

1872 సాక్ష్య చట్టంలో 32(1)గా ఉన్నది 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 26వ సెక్షన్ (ఎ) క్లాజ్ అయింది. సారం మారలేదు కాబట్టి పాత తీర్పులన్నీ ఇప్పటికీ పనికొస్తాయి. ఆ తేదీకి ముందే దర్యాప్తులోనో విచారణలోనో ఉన్న కేసులు పాత సాక్ష్య చట్టం కిందనే నడుస్తాయి. హత్యకు పాత ఐపీసీ 302 స్థానంలో భారతీయ న్యాయ సంహిత 103, వరకట్న మరణానికి 304-బి స్థానంలో 80, ఆత్మహత్యకు ప్రేరేపించడానికి 306 స్థానంలో 108 వచ్చాయి. వీటిలో ఏది వర్తిస్తుందో నేరం జరిగిన తేదీని బట్టి ఉంటుంది. సాక్ష్య చట్టానికి ఒక లెక్క, నేరపు సెక్షన్‌కు ఇంకో లెక్క. జూనియర్లు తడబడేది ఇక్కడే.

“నేను బతకను” అని తెలిసి చెప్పిన మాటే చెల్లుతుందా?

ఇంగ్లండ్ పద్ధతిలో అలా ఉండేది గానీ మన చట్టంలో ఆ షరతు లేదు. చెప్పినప్పుడు చావు భయం ఉన్నా లేకున్నా ఆ మాట చెల్లుతుంది.

దీనికి మూలమైన తీర్పు తెలుగు నేల మీది కేసులోనే వచ్చింది. 1937లో పూరీ రైల్వే స్టేషన్‌లో, రైలు పెట్టెలో ఒక ట్రంకు దొరికింది. అందులో ముక్కలు చేసిన శవం ఉంది. ఆ మనిషి ఇంట్లోంచి బయల్దేరేముందు, రావాల్సిన డబ్బు కోసం బరంపురం వెళ్తున్నానని భార్యతో చెప్పాడు. అప్పటికి అతని ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. అయినా ఆ మాట చావుకు దారితీసిన ఘటనలో భాగమేనని 1939లో పాకాల నారాయణస్వామి కేసులో ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో అన్నిటికంటే పై అప్పీలు కోర్టు, ఒప్పుకుంది. 1984లో శరద్ బిర్దీచంద్ శారదా కేసులో సుప్రీంకోర్టు ఉత్తరాలను కూడా ఈ సెక్షన్ కింద పరిశీలించింది. కాబట్టి అమ్మాయి పుట్టింటికి పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు, రాసిన చీటీలు చావుకు దగ్గరి సంబంధం ఉన్నవైతే ఈ కోవలోకి రావచ్చు. వాటిని చెరిపేయకండి. ఎప్పుడో జరిగిన, చావుతో ముడిపడని గొడవ మాత్రం ఇందులోకి రాదు.

మేజిస్ట్రేట్ రాసుకుంటేనే చెల్లుతుందా? ఎవరెవరు రాసుకోవచ్చు?

ఎవరైనా రాసుకోవచ్చు. డాక్టరు, నర్సు, 108 అంబులెన్స్ సిబ్బంది, సర్పంచ్, పక్కింటివాళ్ళు, పోలీసు ఎవరైనా సరే. రాయకపోయినా, విన్నవాళ్ళు కోర్టుకొచ్చి చెప్పవచ్చు. మంగపేట వైపు నుంచి ఎంజీఎంకు వంద కిలోమీటర్లు దాటుతుంది. ఆ దారిలో అంబులెన్స్‌లో చెప్పిన మాటే చివరి మాట కావచ్చు. 108 సిబ్బంది తమ షీటులో “ఎలా జరిగింది” అన్న చోట రాసే ఒక్క వాక్యానికి కోర్టులో ఎంత బరువు ఉంటుందో వాళ్ళకు ఎవరూ చెప్పరు.

తూకంలో తేడా మాత్రం ఉంది. మేజిస్ట్రేట్ ప్రశ్న-జవాబు పద్ధతిలో, చెప్పిన మనిషి మాటల్లోనే రాసినదానికి ఎక్కువ విలువ. దర్యాప్తు అధికారే రాసుకున్నదానిని కోర్టులు అనుమానంతో చూస్తాయి, ఆ అలవాటును ప్రోత్సహించరాదని మున్నూ రాజా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మేజిస్ట్రేట్ వచ్చేదాకా ప్రాణం నిలవదనిపిస్తే పోలీసు రాసుకోవాల్సిందే. అప్పుడు ఎందుకు ఆగలేకపోయారో ఆ కాగితం మీదే రాయాలి. నోటి మాటను బంధువులు చెబితే కోర్టు మొదట చూసేది: ఆ మాట పోలీసులకు మొదటి రోజే చెప్పారా, లేక నెల తర్వాత గుర్తొచ్చిందా అని.

ఇంకొకటి. మనిషి గాయాలతో ఉన్నప్పుడు ఎస్సైనో హెడ్ కానిస్టేబులో ఫిర్యాదు కోసం రాసుకున్న స్టేట్‌మెంట్ కూడా, ఆ మనిషి చనిపోతే, మరణ వాంగ్మూలమైపోతుంది. పోలీసుకు చెప్పిన మాటను విచారణలో వాడటంపై ఉన్న నిషేధం, పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్ష సంహిత 181వ సెక్షన్, దీనికి అడ్డు రాదు.

ఆసుపత్రిలో చేర్చాక మేజిస్ట్రేట్ ఎలా వస్తారు? మేం దరఖాస్తు పెట్టాలా?

మీరు పెట్టనక్కర్లేదు. క్యాజువాలిటీ డాక్టరు మెడికో లీగల్ కేసుగా రిజిస్టర్‌లో ఎక్కించి, ఆసుపత్రి ఔట్‌పోస్ట్ పోలీసుకు ఇంటిమేషన్ పంపుతారు. పరిస్థితి విషమం అనిపిస్తే వాంగ్మూలం రాసుకోమని కోరే లేఖ, అంటే రిక్విజిషన్, జుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్‌కు వెళ్తుంది. రాత్రయినా, ఆదివారమైనా మేజిస్ట్రేట్ వస్తారు. ఘటన ఏ స్టేషన్ పరిధిలో జరిగిందన్నది అడ్డం కాదు, ఆసుపత్రి ఉన్న చోటి మేజిస్ట్రేటే రాసుకుని, కవరు సీల్ చేసి సంబంధిత కోర్టుకు పంపుతారు. హైదరాబాద్‌కు రిఫర్ చేస్తుంటే, బండి ఎక్కించేముందే వాంగ్మూలం అయిందా లేదా అని డ్యూటీ డాక్టర్‌ను అడగండి. వైద్యం మాత్రం ఆపకూడదు. ప్రాణం నిలబెట్టే పని ముందు, కాగితం తర్వాత.

మంచం దగ్గర ఏం జరగాలి?

ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1990 క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్‌లో 33వ రూల్ ఈ క్రమాన్ని వివరంగా చెబుతుంది. మేజిస్ట్రేట్ తానెవరో చెప్పాలి. చెప్పగలిగే స్థితిలో ఉన్నావా అని అడగాలి. స్థితి తెలుసుకోవడానికి చిన్న ప్రశ్నలు వేసి, ఆ ప్రశ్నలనూ జవాబులనూ సైగలనూ రాసి, తన అభిప్రాయం కూడా రాయాలి. వీలైతే డాక్టరు సర్టిఫికెట్ తీసుకోవాలి. చెప్పినవాళ్ళ మాటల్లోనే రాయాలి. నేరం చేసినవాళ్ళను గుర్తుపట్టే వివరాలు రాబట్టాలి. చివర చదివి వినిపించి, వీలైతే సంతకం తీసుకుని, తాను సంతకం చేయాలి.

కాగితం మీద మొదటి భాగం ఇలా ఉంటే బాగుంటుంది:

“ప్ర: నేను మేజిస్ట్రేట్‌ను, పోలీసును కాదు. నా మాట వినొస్తుందా? జ: ఆఁ, వినొస్తుంది. ప్ర: ఇప్పుడు ఎక్కడున్నవు? జ: ఎంజీఎంల. ప్ర: పొద్దుగాలనా, రాత్రా? జ: రాత్రి, లైట్లేసిన్రు గద. ప్ర: పిల్లలెంతమంది? జ: ఇద్దరు, బిడ్డ పెద్దది.”

నాలుగు జవాబులతో మనిషి స్పృహ, చోటు, వేళ, జ్ఞాపకం తేలిపోయాయి. దీని బదులు “రోగి మానసికంగా సరిగా ఉన్నట్టు నాకు నమ్మకం కలిగింది” అన్న ముందే అచ్చువేసిన వాక్యం కింద టిక్ మార్క్ ఉంటే, ఎదుటి లాయరు చేసే క్రాస్‌లో “ఏ ప్రశ్నలు వేసి నమ్మకానికి వచ్చారు?” అన్న మొదటి ప్రశ్నకే మేజిస్ట్రేట్ తడుముకోవాల్సి వస్తుంది.

పోలీసులు, బంధువులు వినపడనంత దూరంలో ఉండాలి, వాళ్ళను పంపేసినట్టు రాయాలి. మొదలెట్టిన టైము, ముగించిన టైము నిమిషాలతో సహా ఉండాలి. మూడు పేజీలు 5 నిమిషాల్లో అయిందంటే ఎవరూ నమ్మరు. “నీ భర్తే కదా అంటుపెట్టింది?” లాంటి జవాబు అందించే ప్రశ్న వేస్తే కాగితం విలువ అక్కడే పడిపోతుంది. “ఏమైంది?” అని మొదలుపెట్టి, మనిషి చెప్పుకుంటూ పోతుంటే ఆపకుండా రాసుకుని, తర్వాత “ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, దేనితో, లైటు ఉందా, అప్పుడు ఇంకెవరున్నారు” అని అడగడం మంచిది. లైటు సంగతి చాలామంది మరిచిపోతారు. రాత్రి పూట పొలం దగ్గర పొడిచిన కేసులో గుర్తుపట్టడమే అసలు వివాదం.

మన యాసలో చెబితే దాన్ని శుద్ధ తెలుగులో రాయవచ్చా?

రాయకూడదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే, ఇది చదవండి.

“గ్యాస్‌నూనె పోసిండు” అంటే మన దగ్గర కిరోసిన్ పోశాడని. తొందరలో “గ్యాస్” అని మాత్రమే రాస్తే, ఇంగ్లీషు తర్జుమాలో అది వంటగ్యాస్ అవుతుంది. వంటగ్యాస్ అంటే సిలిండర్ లీకైన ప్రమాదం అనే వాదనకు తలుపు తెరిచినట్టే. తర్వాత ఫోరెన్సిక్ ల్యాబ్ బట్టల మీద కిరోసిన్ ఉందని చెబితే, వాంగ్మూలానికీ రిపోర్టుకూ పొంతన లేదంటారు.

“పోసిండు” అంటే వాడు పోశాడు. “పోసుకున్న” అంటే నేనే నా మీద పోసుకున్నాను. నడుమ ఉన్న తేడా ఒక్క “కున్న”. అటు హత్య, ఇటు ఆత్మహత్య. అట్లాగే “అంటుపెట్టిండు” వేరు, “అంటుకున్నది” వేరు. కాలిన పెదవులతో, ఉబ్బిన నాలుకతో మాట్లాడే మనిషి నోట ఈ తేడా స్పష్టంగా రాదు. అనుమానం వస్తే “ఎవరి చేయితోటి?” అని ఇంకో ప్రశ్న వేసి, ఆ ప్రశ్ననూ రాయాలి.

“పోసిన్రు” అన్న మాటలో ఇంకో చిక్కుంది. అది పదిమందీ కావచ్చు, గౌరవంగా అన్న ఒక్కరూ కావచ్చు. “మా ఆయన పోసిన్రు” అని మర్యాదగా అన్న భార్య మాటను “వారు పోశారు” అని రాస్తే అత్తామామలు కూడా నిందితులైపోతారు. అదే, నిజంగా ముగ్గురూ కలిసి చేసిన పనిని “పోశాడు” అని రాస్తే ఇద్దరు తప్పించుకుంటారు. “ఎంతమంది? ఎవరెవరు?” అని అడిగితే నిమిషం పడుతుంది.

వరసలు కూడా అంతే. కరీంనగర్, వరంగల్ ఊళ్ళలో చాలా ఇళ్ళల్లో “అవ్వ” అంటే తల్లి, “బాపు” అంటే తండ్రి. వేరే ప్రాంతం నుంచి వచ్చిన అధికారి “అవ్వ”ను నాయనమ్మ అనుకుంటే సాక్షి మారిపోతుంది. “మామ” అంటే భర్త తండ్రి, మేనమామ, కొన్ని ఇళ్ళల్లో భర్త కూడా. “బావ” కూడా అంతే. “యారాలు” అంటే తోటికోడలు. వరస రాసి ఊరుకోకుండా, వెంటనే పేరు అడిగి పక్కన పేరు రాయాలి. ఒకే పేరు ఊళ్ళో నలుగురికి ఉంటుంది గనుక తండ్రి పేరు, ఇంటిపేరు కూడా అడగాలి.

లంబాడీ, కోయ, ఉర్దూ మాట్లాడేవాళ్ళయితే దుబాసీ పేరు, అతనికి ఆ భాష ఎలా వచ్చు, ఇరుపక్షాల్లో ఎవరికైనా బంధువా అన్నది రాయాలి. వెంట వచ్చిన చుట్టాన్నే దుబాసీగా పెడితే నేర్పించిన మాటలన్న ఆరోపణ తప్పదు. వార్డు సిబ్బందిలో ఆ భాష వచ్చినవాళ్ళు దొరికితే వాళ్ళే నయం.

డాక్టరు సర్టిఫికెట్ లేకపోతే వాంగ్మూలం కొట్టేస్తారా?

ఒకప్పుడు ఆ భయం ఉండేది. 1999లో అప్పటి ఉమ్మడి రాష్ట్రం నుంచి వెళ్ళిన పాపారంబక రోసమ్మ కేసులో, డాక్టరు “రోగి స్పృహలో ఉంది” అని మాత్రమే రాశారు, “మాట చెప్పగల మానసిక స్థితిలో ఉంది” అని రాయలేదు. సుప్రీంకోర్టు ఆ వాంగ్మూలాన్ని నమ్మలేదు. 2002లో లక్ష్మణ్ కేసులో ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం ఆ అభిప్రాయాన్ని పక్కనపెట్టింది. సర్టిఫికెట్ జాగ్రత్త కోసమే. రాసుకున్న వ్యక్తి ఆ మనిషి స్థితి సరిగా ఉందని తృప్తి చెంది, కోర్టును నమ్మించగలిగితే చాలు.

చట్టం అలా ఉన్నా, డాక్టర్లకు మేం చెప్పేది ఒక్కటే: రెండూ రాయండి, స్పృహలో ఉన్నారని, వాంగ్మూలం ఇవ్వగల మానసిక స్థితిలో ఉన్నారని. మొదట్లో ఒకసారి, ముగిశాక ఒకసారి, టైముతో. మధ్యలో మీరు పక్కనే ఉన్నారా, వేరే రోగి దగ్గరికి వెళ్ళారా అన్నది కూడా. తల గాయమైతే స్పృహను కొలిచే గ్లాస్గో స్కోరు అంకెల్లో వేయండి. తలకు దెబ్బ తగిలినవాళ్ళు కొందరు మొదట బాగానే మాట్లాడి, గంటల్లో స్పృహ తప్పుతారు. అంకె ఉంటే మాట్లాడిన ఆ గంట నిజమేనని తేలుతుంది.

90 శాతం కాలినవాళ్ళు మాట్లాడగలరా? డిఫెన్స్ లాయరు అసాధ్యం అంటున్నాడు.

కాలిన శాతం చర్మానికి లెక్క, తెలివికి కాదు. పెద్ద కాలిన గాయాల్లో మొదటి గంటల్లో, చాలాసార్లు మొదటి రోజంతా, మనిషి స్పష్టంగా మాట్లాడటం వైద్యులకు తెలిసిన సంగతే. ఆ తర్వాత షాక్, ఇంకా కొన్ని రోజులకు సెప్టిసీమియా (రక్తానికి పాకిన ఇన్ఫెక్షన్) వస్తే మతి తప్పుతుంది. 99 శాతం, 100 శాతం కాలిన కేసుల్లో కూడా సుప్రీంకోర్టు వాంగ్మూలాలను ఒప్పుకుంది. 2015లో విజయ్ పాల్ కేసు అలాంటిదే.

అసలు దెబ్బ తగిలేది మత్తు సూదుల దగ్గర. కేస్ షీట్‌లో, నర్సుల నోట్స్‌లో ఫోర్ట్‌విన్, ట్రామడాల్, మార్ఫిన్ ఎన్ని గంటలకు ఇచ్చారో ఉంటుంది. రాత్రి 10:15కు మార్ఫిన్, 10:30కు వాంగ్మూలం అంటే, మందు ప్రభావంలో ఉన్న మనిషి మాట ఎలా నమ్ముతామని అడుగుతారు. దీనికి డాక్టరు జవాబు సిద్ధంగా ఉండాలి: మోతాదు ఎంత, ఆ మోతాదుకు మనిషి మగతగా ఉన్నాడా, ప్రశ్నలకు పొందికగా జవాబిచ్చాడా. పీపీలు (ప్రభుత్వం తరఫు లాయర్లు) కేస్ షీట్ మొత్తం ముందే చదివి డాక్టరుతో మాట్లాడకపోతే, ఈ ప్రశ్న బోనులోనే మొదటిసారి వినాల్సి వస్తుంది. ముఖం, గొంతు కాలితే వాపు వల్ల గొంతు మూసుకుపోయి ట్యూబ్ వేస్తారు, తర్వాత మాట ఉండదు. అందుకే ముందే పిలవాలి.

పురుగుల మందు, గడ్డి మందు కేసుల్లో?

పురుగుల మందుల్లో ఆర్గానోఫాస్ఫేట్ రకాలకు విరుగుడుగా ఆట్రోపిన్ ఇస్తారు. అది ఎక్కువైతే మనిషి దుప్పటి పీకుతూ, లేనివాళ్ళతో మాట్లాడుతూ ఉంటాడు. ఆ వేళ తీసుకున్న మాట నిలవదు, మోతాదు తగ్గించి మతి కుదిరేదాకా ఆగాలి. పారాక్వాట్, అంటే గడ్డి మందు, దీనికి పూర్తిగా వేరు. తాగినవాళ్ళు తెలివిగా, నడుస్తూ, మాట్లాడుతూ ఉంటారు. మూత్రపిండాలు, ఊపిరితిత్తులు రోజుల తరబడి, ఒక్కోసారి రెండు మూడు వారాలకు పాడై చనిపోతారు. చూడటానికి బాగున్నారు కదా అని మేజిస్ట్రేట్‌ను పిలవరు. నోరు, గొంతు పుండ్లు పడి మాట పెగలని రోజు వచ్చాక పరుగెత్తుతారు. మొదటి రోజే రాయించాలి. ఎవరైనా బలవంతంగా తాగించారా, మాటలతో హింసించి తాగేలా చేశారా, పొరపాటున తాగారా అన్నది ఆ మనిషే చెప్పాలి. మొదటిది హత్య, రెండోది న్యాయ సంహిత 108వ సెక్షన్ కింద ఆత్మహత్యకు ప్రేరేపించడం. రెంటిలోనూ ఈ వాంగ్మూలం చెల్లుతుంది.

మాట రాకపోతే సైగలు పనికొస్తాయా?

వస్తాయి. 1885లో అబ్దుల్లా కేసులో అలహాబాద్ హైకోర్టు, గొంతు కోసిన యువతి చేతి సైగలను ప్రశ్నలతో కలిపి ఒప్పుకుంది. 2012 ఢిల్లీ నిర్భయ కేసులో మూడో వాంగ్మూలం సైగలతో, రాతతో తీసుకున్నదే, 2017లో సుప్రీంకోర్టు దాన్ని నమ్మింది. “తల ఊపింది” అని రాస్తే సరిపోదు, నిలువుగానా, అడ్డంగానా? పేర్లు అడిగేటప్పుడు సంబంధం లేనివాళ్ళ పేర్లు కూడా కలిపి అడిగి, వాటికి “కాదు” అని చూపిందని రాస్తే బలం పెరుగుతుంది.

చేతులు కాలితే వేలిముద్ర ఎలా?

కాలని వేలు ఏదున్నా దానిది, లేకుంటే కాలి బొటనవేలిది తీసుకుని, ఏ వేలో, ఎందుకో రాయాలి. తీసుకోలేకపోతే ఆ మాటే రాయాలి. 33వ రూల్ కూడా “వీలైతే” అనే అంటుంది. రెండు చేతులూ పూర్తిగా కాలాయని పోస్ట్‌మార్టం రిపోర్టు చెబుతుంటే, కాగితం మీద గీతలు స్పష్టంగా ఉన్న బొటనవేలి ముద్ర ఉంటే మాత్రం డాక్టరు వివరణ తప్పనిసరి.

సెల్‌ఫోన్‌లో తీసిన వీడియో చెల్లుతుందా?

చెల్లుతుంది, కానీ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్, హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే గుర్తు) సహా, కావాలి. తీసిన ఫోన్‌ను అలాగే ఉంచి పోలీసులకు అప్పగించండి. వాట్సాప్‌లో పంపితే ఫైలు కుదించుకుపోతుంది, ముక్కలుగా కత్తిరిస్తే మొత్తానికే అనుమానం పుడుతుంది. వీడియోలో వెనుక నుంచి “చెప్పు బిడ్డా, మీ అత్తనే కదా” అన్న గొంతు వినపడితే, ఆ వీడియో మీకే ఎదురు తిరుగుతుంది. ఏమైందని ఒక్కసారి అడిగి ఊరుకోండి.

మొదట డాక్టరుకు “స్టవ్ పేలింది” అని చెప్పింది, తర్వాత మేజిస్ట్రేట్‌కు భర్త పేరు చెప్పింది. ఏది నమ్ముతారు?

ఇంతకంటే కష్టమైన ప్రశ్న లేదు. వాంగ్మూలాలు ఎన్ని ఉన్నాయన్న లెక్క మీద తీర్పు రాదు. ప్రతిదాన్నీ ఏ స్థితిలో, ఎవరి ఎదుట, ఎవరు పక్కనుండగా చెప్పారో విడిగా చూస్తారు. ఆసుపత్రికి తెచ్చింది భర్తే అయితే, అతను పక్కన నిలబడి ఉండగా ఆమె స్టవ్ అని చెప్పడం అర్థం చేసుకోదగ్గదే. ఆ వివరం కోర్టుకు తెలియాలంటే క్యాజువాలిటీ రిజిస్టర్‌లో “తీసుకొచ్చినవారు”, “చెప్పినవారు” అన్న గడులు సరిగా నింపాలి. చాలాసార్లు స్టవ్ మాట చెప్పింది భర్తే, ఆమె కాదు, కానీ రిజిస్టర్‌లో ఆమె పేరు మీద ఎక్కుతుంది. ఆ గీత ఎవరి నోటి మాటో క్యాజువాలిటీ డాక్టరును అడగకుండా విచారణ ముగించడం పెద్ద తప్పు.

అలాగే మొదటి మాటలో ఒక్క భర్త, పుట్టింటివాళ్ళు వచ్చాక అత్త, మామ, ఆడబిడ్డ, మరిది చేరితే కోర్టు అనుమానిస్తుంది, ఆ అనుమానంతో అసలువాడు కూడా తప్పించుకోవచ్చు. కోపంతో పేర్లు చేర్పించాలని చూసే బంధువులకు ఇది గట్టిగా చెప్పాలి. గంటల్లో, గాయాల లెక్కలో చిన్న తేడాలుంటే పట్టించుకోరు. ఎవరు చేశారన్న చోట తేడా వస్తే, ఇతర సాక్ష్యం ఏ మాటను బలపరుస్తుందో చూస్తారు.

ఒక్క వాంగ్మూలం మీదనే జీవిత ఖైదు వేయవచ్చా?

వేయవచ్చు. ఖుషాల్ రావు కేసులో సుప్రీంకోర్టు 1957లోనే ఈ విషయం తేల్చింది. అది తక్కువ రకం సాక్ష్యం కాదు, నిజమని తృప్తి కలిగితే వేరే బలం అవసరం లేదు. తృప్తి కలగకపోతే, తోడు సాక్ష్యం లేకుండా శిక్ష వేయరు. చూడగలిగే వెలుతురు, గుర్తుంచుకునే శక్తి, మొదటి అవకాశంలోనే చెప్పడం, ఎవరూ నేర్పకపోవడం, అన్నిచోట్లా ఒకే మాట. కొలతలు ఇవి. మాట సగంలో ఆగి, అసలు విషయం దగ్గరే తెగిపోతే వాడటం కష్టం. చెప్పాల్సింది చెప్పేశాక స్పృహ పోతే ఆ చెప్పిన భాగం నిలుస్తుంది.

మనిషి బతికితే ఆ కాగితం ఏమవుతుంది?

మరణ వాంగ్మూలం కాకుండా పోతుంది. ఆ మనిషే కోర్టుకొచ్చి చెప్పాలి, ముందు ఇచ్చిన మాటను దానికి బలంగానో, ఎదురుగానో మాత్రమే వాడతారు. 1993 చిలకలూరిపేట బస్సు దహనం కేసులో బతికి బయటపడ్డవాళ్ళ మాటల విషయంలో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది.

ఇక లాభం లేదన్నారు. ఇంటికి తీసుకుపోతాం, పోస్ట్‌మార్టం వద్దు. ఏమైనా ఇబ్బందా?

చాలా పెద్ద ఇబ్బంది. వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకెళ్ళడాన్ని ఆసుపత్రుల్లో లామా అంటారు. ఇంట్లో చనిపోయాక పోలీసుకు చెప్పకుండా దహనం చేస్తే, చావు ఆ గాయాల వల్లే వచ్చిందని రుజువు చేసే దారి మూసుకుపోతుంది. మోతీ సింగ్ కేసులో ఇదే జరిగింది: గాయపడ్డ మనిషి ఆసుపత్రి నుంచి వెళ్ళి కొన్నాళ్ళకు చనిపోయాడు, పోస్ట్‌మార్టం లేదు. చావుకు కారణం తేలలేదు గనుక అతని వాంగ్మూలాన్ని సుప్రీంకోర్టు పనికిరాదంది. దుఃఖంలో ఉన్నవాళ్ళను నొప్పించడం మా ఉద్దేశం కాదు. అయినా చనిపోయిన గంటలోనే స్టేషన్‌కు ఫోన్ చేయండి. పెళ్ళయిన ఏడేళ్ళలోపు చనిపోయిన స్త్రీ అయితే శవ పంచనామా తహసీల్దార్ సమక్షంలో జరగాలని గుర్తుపెట్టుకోండి.

నిందితుడి తరఫున ఈ వాంగ్మూలాన్ని ఎలా ఎదుర్కొంటారు?

చనిపోయిన మనిషిని ప్రశ్నించలేరు గనుక, ఆ మనిషి బోనులో ఉంటే ఏ విషయాలతో విశ్వసనీయతను పరీక్షించేవారో వాటన్నిటినీ రుజువు చేసే హక్కును సాక్ష్య అధినియం 161వ సెక్షన్ ఇస్తుంది. ఇతరచోట్ల చెప్పిన వేరే మాటలు, మేజిస్ట్రేట్ రాకముందు మంచం దగ్గర ఎవరున్నారు, రిక్విజిషన్ అందిన టైముకూ వచ్చిన టైముకూ మధ్య ఎంతసేపు, కొట్టివేతలు, సిరా మార్పు. ఇది న్యాయమైన హక్కే. తప్పుడు పేరు చెప్పి చనిపోయినవాళ్ళూ ఉంటారు. విచారణ చివర నిందితుడిని సురక్ష సంహిత 351వ సెక్షన్ కింద ప్రశ్నించేటప్పుడు వాంగ్మూలంలోని ఆరోపణను అతని ముందు స్పష్టంగా పెట్టాలి. అది మరిచిపోతే అప్పీలులో గొడవ వస్తుంది.

పెద్దమనుషుల్లో రాజీ అయింది. తల్లిదండ్రులు కోర్టులో మాట మార్చితే కేసు పోతుందా?

హత్య కేసుకు రాజీ లేదు. తల్లిదండ్రులు హోస్టైల్ అయినా, మేజిస్ట్రేట్, డాక్టరు సాక్ష్యంతో వాంగ్మూలం నిలబడితే శిక్ష పడవచ్చు. బిడ్డ చెప్పిన మాటను వాపసు తీసుకునే అధికారం తల్లిదండ్రులకు లేదు.

వాంగ్మూలం కాపీ మాకు ఎప్పుడు దొరుకుతుంది?

దర్యాప్తు సాగుతున్నప్పుడు ఆశించకండి. చార్జిషీట్ వేశాక, నిందితుడు కోర్టు ముందుకు వచ్చిన 14 రోజుల్లోపు, సురక్ష సంహిత 230వ సెక్షన్ కింద నిందితుడికీ, లాయరును పెట్టుకున్న బాధిత పక్షానికీ పత్రాలు ఉచితంగా ఇవ్వాలి. అందిన రోజే మీకు తెలిసిన తెలంగాణ మాటల్లో ఉన్న తెలుగు మూలాన్ని, ఇంగ్లీషు తర్జుమాను పక్కపక్కన పెట్టి చదవండి. “గ్యాస్‌నూనె” ఏమైందో, “పోసిన్రు” ఎంతమంది అయిందో చూసి, తేడా ఉంటే సాక్షుల విచారణ మొదలుకాకముందే పీపీకి చెప్పండి.